చెవి డిప్పల మీద బూరుగు దూది

2004 జూన్‌లో కంపెనీ నన్ను చెన్నై నుంచి హైదరాబాద్ బేస్‌కు మార్చింది. అప్పుడు నాకు నలభై అయిదేళ్లు. రెండు ప్రొపెల్లర్లతో నడిచే టర్బోప్రాప్ విమానానికి కెప్టెన్‌ని. పొద్దున అప్పటి బేగంపేట విమానాశ్రయం నుంచి విజయవాడ, తిరిగి హైదరాబాద్, మళ్లీ రాజమండ్రి, మళ్లీ వెనక్కి. మా భాషలో వీటిని నాలుగు సెక్టార్లు అంటాం. బయల్దేరే సమయానికి గంట ముందు రిపోర్ట్ చేయాలి. వాతావరణ వివరాలు చూసుకోవాలి, ఎంత ఇంధనం పట్టించాలో చెప్పాలి, విమానం చుట్టూ ఒకసారి నడిచి టైర్ల నుంచి ప్రొపెల్లర్ రెక్కల దాకా కళ్లారా చూడాలి. కుడి సీటు ఫస్ట్ ఆఫీసర్‌ది, ఎడమ సీటు కెప్టెన్‌ది. ఇంజిన్లు స్టార్ట్ చేసే ముందు నేను లోలోపల ప్రార్థన చేసుకునేవాణ్ణి. కళ్లు తెరిచి ప్రార్థించడం నాకు కాక్‌పిట్టే నేర్పింది.

రాజమండ్రి దారి నాకు ఇష్టం. వైరా జలాశయం కిందుగా వెళ్లిపోయిన కొద్ది నిమిషాలకు ఎడమవైపు అడవి కనిపించేది. ఆ అడవి అంచున, చండ్రుగొండ దాటాక, మా ఊరు. అక్కడ మా అక్క మార్తమ్మ ఉండేది. మా అమ్మ నా నాలుగో ఏట ప్రభువు దగ్గరికి వెళ్లిపోతే, పన్నెండేళ్ల అక్క నన్ను చంకనేసుకుని పెంచింది. పెళ్లయ్యాక కూడా ఊళ్లోనే ఉండిపోయింది. పత్తి చేను, రెండు ఎద్దులు, అరుగు మీద ఒక కుట్టుమిషను. విమానం చప్పుడు వినబడితే వాకిట్లోకి వచ్చి తలెత్తి చూసేదట. "గది నీ తమ్ముని ఇమానం కాదే, కొంగ" అని మా బావ ప్రకాశం ఏడిపించేవాడట.

ఇప్పుడు పైలట్ శిక్షణకు వెళ్లే పిల్లలు మా చర్చి సంఘంలోనూ ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లు వచ్చి అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏ హెడ్‌సెట్ కొనాలి, ఏ బ్యాగ్ కొనాలి? కంపెనీ పేరు చెప్పమంటారు. నేను పేరు చెప్పను, ఈ కథ చెబుతాను.

ముందు సంచుల సంగతి. పైలట్‌కు రెండు ఉంటాయి. రాత్రి వేరే ఊళ్లో బస చేయాల్సి వస్తే బట్టలు పెట్టుకునేది ఒకటి. దానికి నాలుగు చిన్న చక్రాలున్నది చూడటానికి బాగుంటుంది, నున్నని నేల మీద వేలితో తోస్తే పోతుంది. కానీ అప్పటి చిన్న విమానాశ్రయాల్లో తారు నేల మీద ఎండలో నడిచి విమానం ఎక్కాలి. పగుళ్లలో ఆ చిన్న చక్రాలు ఇరుక్కునేవి. రెండే చక్రాలు, కాస్త పెద్దవి ఉన్నదే మేలని నాలుగు నెలల్లో తెలుసుకున్నాను. అందరివీ నల్ల బ్యాగులే కావడంతో ఒకసారి తిరుపతి హోటల్లో తెరిచి చూస్తే నాకు రెండింతలు పొడవున్న మనిషి చొక్కాలు బయటపడ్డాయి. అప్పటి నుంచి నా బ్యాగ్ పిడికి ఎర్ర గుడ్డ ముక్క కట్టాను.

రెండోది ఫ్లైట్ బ్యాగ్. ఇది విమానంలో కెప్టెన్ సీటుకు ఎడమ పక్కనుండే ఇరుకు సందులో కూర్చోవాలి. దారులు, రన్‌వేలు చూపించే చార్టుల పుస్తకాలు, విమానం మాన్యువల్, టార్చి, లైసెన్సు, హెడ్‌సెట్ అన్నీ ఇందులోనే. అప్పట్లో అంతా కాగితమే కాబట్టి బరువు చాలా ఉండేది. పాతకాలం పైలట్లు తోలుపెట్టె లాంటివి మోసేవారు. నాకు కుడి భుజం నొప్పి. అందుకని గట్టి పెట్టె వద్దనుకుని మెత్తని గుడ్డ సంచి, వెడల్పాటి పట్టీ ఉన్నది కొన్నాను. భుజానికి హాయిగా ఉంది. అక్కడే మొదటి తప్పు చేశానని ఆలస్యంగా తెలిసింది.

ఇక హెడ్‌సెట్. టర్బోప్రాప్ కాక్‌పిట్‌లో ప్రొపెల్లర్ల మోత ఆగదు. ఆ మోతలోంచి కంట్రోల్ టవర్ మాట వినాలి, పక్క సీటులోని మనిషి మాట వినాలి. చెవుల్ని పూర్తిగా కప్పే రెండు డిప్పలు, వాటి అంచున మెత్తని వలయాలు, నెత్తి మీదుగా రెండింటినీ కలిపే ఇనుప బద్ద, నోటి ముందుకు వచ్చే మైకు. ఇంతే పరికరం. కంపెనీ ఇచ్చేవి అందరూ పెట్టుకుని విడిచినవి కాబట్టి చాలామంది సొంతంగా కొనుక్కునేవారు. నేను సికింద్రాబాద్‌లో ఒక దుకాణంలో, ఏసీ చల్లదనంలో, పది నిమిషాలు తలకు పెట్టుకుని చూసి నచ్చిందని తెచ్చుకున్నాను. పది నిమిషాల్లో ఏ హెడ్‌సెట్ నొప్పి పెట్టదు. గంట దాటాక నడినెత్తిన ఒకే చోట పోటు మొదలవుతుంది. నాకేమో అప్పటికే నెత్తిన జుట్టు పోయింది. పైగా కళ్లద్దాలు. వాటి కాడలు డిప్పల కింద నలిగి చెవి వెనక ఎర్రగా కమిలిపోయేది. రోజు గడిచేకొద్దీ తలనొప్పి. రాత్రి కుటుంబ ప్రార్థనలో వాక్యం చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయేవి.

2005 మే నెలలో నాలుగు రోజుల సెలవు దొరికితే ఊరికి వెళ్లాను. రైలు భద్రాచలం రోడ్ స్టేషన్ దాకా. పేరు అదే గానీ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి బస్సు. సెలవు అయిపోగానే డ్యూటీ ఉండటంతో ఫ్లైట్ బ్యాగ్ కూడా వెంట ఉంది.

అన్నం పెడుతూ అక్క నా తల వంచి చూసింది.

"ఏందిరా తమ్మీ గిది? నెత్తి మీద గాడి పడ్డది. ఎవలన్న కొట్టిన్రా?"

హెడ్‌సెట్ తీసి చూపించాను. బావ దాన్ని తిప్పి తిప్పి చూసి, "గిది నీకు కాడే బావమర్దీ. మా ఎడ్లకు మేలు, పొద్దుగూకితె ఇప్పుతం" అన్నాడు.

అక్క నవ్వలేదు. డిప్పల అంచు వలయాలను బొటనవేలితో నొక్కి చూసింది. "గివి గట్టిపడ్డయి. చర్మం లెక్క లేవు, చెక్క లెక్క ఉన్నయి. గందుకే కోస్తున్నయి."

నిజమే, అవి గట్టిపడ్డాయి. ఎందుకు గట్టిపడ్డాయో అప్పుడు ఆలోచించలేదు.

మా వైపు ఎండాకాలంలో బూరుగు కాయలు పగులుతాయి. అడవి పల్లెల నుంచి కోయ ఆడవాళ్లు ఆ దూదిని గంపల్లో తెచ్చి ఊళ్లో ఇచ్చేవారు. దిండ్లకు దాన్ని మించింది లేదు. పట్టులా జారుతుంది, బరువు ఉండదు. అక్క ఆ మధ్యాహ్నమే టేపు పట్టుకుని డిప్పలు కొలిచింది. తన పాత తెల్ల చీర అంచు కత్తిరించి, గుండ్రంగా రెండు తొడుగులు కుట్టి, లోపల బూరుగు దూది పొరగా పరిచింది. నా ఎడమ చెవి వెనక ఎక్కువ కమిలిందని ఆ పక్క తొడుగులో ఇంకో చిటికెడు కూరింది. కుడుతున్నంతసేపూ సంఘంలో పాడే పాట ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది. అయ్యాక రెండింటి మీదా చెయ్యి పెట్టి నాకోసం ప్రార్థన చేసింది.

హైదరాబాద్ తిరిగొచ్చి పెట్టుకుంటే నాలుగు సెక్టార్లు అయినా నొప్పి లేదు. నెత్తి మీద పోటు కొంచెం ఉన్నా చెవులు పూల మీద ఉన్నట్టుండేవి. తలనొప్పి పోయింది. ప్రతి ఆదివారం ఫోన్లో అక్క అడిగేది: "మెత్తగున్నయా?" "అవ్ అక్కా, మస్తుగున్నయి" అనేవాణ్ణి. ఆ జవాబులో అబద్ధం లేదు.

అప్పటి ఫస్ట్ ఆఫీసర్లలో శ్రీకాంత్ అనే రాజమండ్రి అతను ఉండేవాడు. ముప్పై దాటని వయసు, మాటలో మర్యాద, పనిలో శ్రద్ధ. సెప్టెంబరులో ఒకరోజు దిగాక, చెక్‌లిస్టు పూర్తయ్యాక, కాస్త మొహమాటపడుతూ చెప్పాడు.

"సర్, ఏమీ అనుకోనంటే ఒకటి. మీ హెడ్‌సెట్లో టవర్ మాట్లాడేది నా సీటు దాకా వినబడుతోంది."

"నీ చెవులు పాముచెవులయ్యా" అన్నాను.

"కాదు సర్, మీ వాల్యూమ్ చివరిదాకా ఉంది."

చూసుకుంటే నిజమే. వాల్యూమ్ మీటను నేను రోజుకింత తిప్పుతూ వచ్చి చివరికి చేర్చాను. ఎప్పుడు తిప్పానో గుర్తు లేదు. టవర్ వాళ్ల పరికరం పాతబడిందేమో అనుకున్నాను. మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. విమానంలో ఏ చిన్న లోపం కనబడినా దిగిన వెంటనే టెక్నికల్ లాగ్ అనే పుస్తకంలో రాసి సంతకం చేయాలి. ఒక బల్బు వెలగకపోయినా రాయాలి. ఇంజనీరు దాన్ని సరిచేసి సంతకం చేసేదాకా ఆ గీత మూయబడదు. ఇరవై ఏళ్లుగా నేను ఆ పని తప్పలేదు. కానీ నా తలమీద ఉన్న పరికరానికి లాగ్ పుస్తకం లేదు. శ్రీకాంత్ మాటను నవ్వేసి దిగిపోయాను.

అక్టోబరులో నా మెడికల్ వచ్చింది. నలభై దాటిన పైలట్‌కు ఆరు నెలలకోసారి వైద్య పరీక్ష ఉంటుంది. అందులో ఫిట్ అని రాస్తేనే లైసెన్సు చెల్లుతుంది. ఆసారి చెవుల పరీక్ష కూడా ఉంది. చప్పుడు చొరని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు పరీక్ష హెడ్‌ఫోన్లు పెట్టి, సన్నని కూతలు వినిపిస్తారు. వినబడినప్పుడు మీట నొక్కాలి. నేను నొక్కుతూ పోయాను. మధ్యలో చాలాసేపు నిశ్శబ్దం. పరీక్ష ఆగిందేమో అనుకున్నాను. ఆగలేదు. నాకు వినబడలేదంతే.

డాక్టరు గారు పెద్దావిడ, మితంగా మాట్లాడే మనిషి. ఒక్కో చెవి వినికిడికి ఒక్కో గీత గీసిన కాగితం నా ముందు పెట్టారు. కుడి చెవి గీత ఫరవాలేదు. ఎడమ చెవి గీత పై స్వరాల దగ్గర గుంటలో పడిపోయింది. మోతలో పనిచేసేవాళ్లకు ముందు అక్కడే దెబ్బ తగులుతుందని, ఇది శాశ్వతమా తాత్కాలికమా ఇప్పుడే చెప్పలేనని అన్నారు. ఫారం మీద 'టెంపరరీ అన్‌ఫిట్' అని రాశారు. నెల రోజులు ఇంజిన్ల దగ్గరికి పోకూడదు, ఆ తర్వాత మళ్లీ పరీక్ష. అప్పుడూ గీత పైకి రాకపోతే నా ఎడమ సీటు వేరేవాళ్లది.

"ఆరు నెలల్లో ఏం మారింది?" అని అడిగారు.

ఏమీ మారలేదన్నాను. హెడ్‌సెట్ చూపించమన్నారు. బ్యాగ్‌లో పుస్తకాల కింది నుంచి లాగాను. ఆవిడ తొడుగులను చూశారు. ఒక డిప్పను నా చెవికి ఆనించి, అంచు కింద తన వేలు దూర్చి, బయటికి తీసి, మళ్లీ దూర్చారు. ఎక్కడా అడ్డు లేదు.

విషయం ఆవిడ చెప్పాక పసిపిల్లవాడికైనా అర్థమవుతుంది. హెడ్‌సెట్ అంచు వలయం చర్మానికి గాలి చొరకుండా అతుక్కోవాలి. అదే మోతను ఆపేది. మధ్యలో దూది గుడ్డ పెడితే మెత్తగా ఉంటుంది గానీ గుడ్డలోంచి, దూదిలోంచి మోత లోపలికి వస్తుంది. మోత పెరిగితే మనం తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం. మోతా, మాటా కలిసి చెవిని కొడతాయి. ఎడమ తొడుగులో దూది ఎక్కువుంది కాబట్టి ఎడమ చెవి ఎక్కువ దెబ్బతింది.

"ఎవరు కుట్టారు?" అని అడిగారు.

చెప్పలేదు. ఎవరో కుట్టారన్నాను.

హైదరాబాద్‌లో ఉంటే రోజూ విమానాల చప్పుడే. మేమున్న ఇల్లు బేగంపేటకు దగ్గర. నా భార్య ఊరికి పొమ్మంది, అక్కకు నిజం చెప్పమంది. మొదటిది చేశాను. తొడుగులను హెడ్‌సెట్‌కు అలాగే ఉంచి, బ్యాగ్‌లో పెట్టుకుని వెళ్లాను. ఎందుకు ఉంచానంటే, తీసేస్తే అక్క చూస్తుందని. నెల సెలవు ఎందుకిచ్చిన్రని అక్క అడిగితే పాతవి మిగిలి ఉన్నాయన్నాను. అది అబద్ధం. అరుగు మీద కూర్చుంటే అడవి వైపు నుంచి గాలి తప్ప ఏమీ వినబడేది కాదు. నాకు వినబడనిది ఇంకా ఎంతుందో తెలియక, పిట్ట కూసిన ప్రతిసారీ ఎడమ చెవి అటు తిప్పి వినేవాణ్ణి. కుడి చెవి మూసుకుని మళ్లీ వినేవాణ్ణి. బావ ఒకసారి చూసి, "చెవుల నీళ్లు పోయినయా?" అని అడిగాడు.

వారం తిరిగి ఆదివారం వచ్చింది. మా మందిరం చిన్నది. రేకుల కప్పు, నేల మీద చాపలు, ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు. పాటలయ్యాక, వాక్యం చెప్పడానికి ముందు, సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. జ్వరం తగ్గిందని, చేనుకు వాన అందిందని, కోడలికి సుఖప్రసవమైందని చెబుతారు. అందరూ స్తోత్రం అంటారు.

అక్క కొంగు తలమీదికి లాక్కుని లేచింది. తాను చదువుకోలేదని, మిషను తొక్కడం తప్ప ఏదీ రాదని, అయినా ఆకాశంలో పనిచేసే తన తమ్ముడి తలనొప్పి పోగొట్టడానికి దేవుడు తన చేతులనే వాడుకున్నాడని, ఆ మేలు ఎట్ల మరువనని చెప్పింది. మందిరమంతా స్తోత్రం అంది. నేనూ అన్నాను.

అయ్యగారు, అంటే మా సంఘం పాస్టరు, నా వైపు తిరిగి, "యోహాను గారూ, మీరు కూడా రెండు మాటలు చెప్పండి" అన్నారు.

లేచి నిలబడ్డాను. ఆ మందిరంలో నేను పిల్లవాడిగా కంఠతా వాక్యాలు అప్పజెప్పాను. ఫ్లయింగ్ క్లబ్‌కు స్కాలర్‌షిప్ వచ్చిన రోజు, మొదటిసారి ఒంటరిగా విమానం నడిపిన వారం, కెప్టెన్ అయినప్పుడు అక్కడే సాక్ష్యం చెప్పాను. ప్రతిసారీ గెలిచిన సంగతే చెప్పాను. సాక్ష్యంలో ఓడిన సంగతి చెప్పాలని మాకెవరూ నేర్పలేదు. టెక్నికల్ లాగ్ అందుకు తలకిందులు. అందులో లోపాలే రాస్తాం, బాగున్నవాటికి గీత లేదు. ఆ నిమిషాన నాకు ఆ పుస్తకమే గుర్తొచ్చింది.

నా ఎడమ చెవి వినికిడి తగ్గిందని, నెల రోజులకు విమానం నడపకుండా ఆపారని, పరీక్షలో పోతే ఇక నడపలేనని చెప్పాను. సెలవు అని చెప్పింది నిజం కాదన్నాను. నాకోసం ప్రార్థన చేయమన్నాను. కారణం మాత్రం చెప్పలేదు.

మందిరం నుంచి ఇంటికి రెండు వందల అడుగులు. అక్క ముందు నడిచింది. వాకిట్లో కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి నా ఫ్లైట్ బ్యాగ్ తెచ్చి నా ముందు పెట్టింది.

"చెప్పు. నా దూదితోనే గదా?"

ఎట్లా తెలిసిందని అడిగాను.

"నేను లేచి గంత చెప్తుంటె నువ్వు నేల చూస్తున్నవ్. చిన్నప్పుడు బెల్లం ముంత పగలగొట్టి గిట్లనే చూసినవ్."

చెప్పాను. వలయం సంగతి, వాల్యూమ్ సంగతి, ఎడమ పక్క ఇంకో చిటికెడు సంగతి. అక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, కోపం తెచ్చుకుంది.

"గీ ముచ్చట మొదాలే చెప్తే నేనేమన్న సచ్చిపోతున్ననా? బట్ట పొట్టిగైందని చెప్పనోనికి కుట్టెటోళ్లు ఎట్ల సరిజేస్తరు? వారం సంది నా ఇంట్ల తింటూ నాకు చెప్పకపోతివి. అందరి ముందట నన్ను నిలబెట్టి స్తోత్రం అన్నవ్."

"తప్పయిందక్కా."

"తప్పే. పొయ్యి తిను."

మర్నాడు పొద్దున్నే అక్క హెడ్‌సెట్ పట్టుకుని బయల్దేరింది. ఎక్కడికంటే, పిండి గిర్నీకి. డాక్టరు చెప్పిందనీ నమ్మదట, నేను చెప్పాననీ నమ్మదట, తన చెవులతో వినాలట. మా ఊరి గిర్నీ మోటారు తిరిగితే పక్క మనిషి అరిస్తేనే వినబడుతుంది. నన్ను లోపలికి రావద్దంది. ఇంజిన్ల దగ్గరికి పోవద్దన్నరు గదా, గుమ్మం అవతలే ఉండమంది. గిర్నీ నడిపే వెంకటేశం, పిండి కొట్టుకున్న తెల్లటి కనుబొమ్మలతో, నోరు తెరిచి చూశాడు.

"మార్తమ్మక్కా, గిర్నీల ఇమానం తోల్తవా ఏంది?"

"నువ్వు మోటర్ ఎయ్యి ముందుగాల."

మోటారు వేశాడు. అక్క తొడుగులతో పెట్టుకుంది. తర్వాత తొడుగులు తీసి పెట్టుకుంది. మళ్లీ తొడిగింది, మళ్లీ తీసింది. మూడోసారి కుడికి తొడిగి, ఎడమకు తీసి పెట్టుకుంది. నాకు తెలిసిన ఇంజనీర్లలో సగం మందికి ఒక్కో చెవిని విడిగా పరీక్షించాలన్న ఆలోచన రాదు. అయిదు నిమిషాల తర్వాత తలనిండా పిండితో బయటికి వచ్చింది.

"అవ్, నిజమే. గుడ్డ ఉంటె గిర్నీ మొత్తం లోపలికొస్తుంది. తీస్తే దూరం పోతుంది."

ఇంటికొచ్చాక తొడుగుల కుట్లు బ్లేడుతో విప్పింది. కింద ఉన్న వలయాలను కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. ఒక పక్కకు చదునుగా అణిగి ఉన్నాయి. "గివి ఊకె గట్టివడలే. మీద బరువు వడ్డది" అంది. అప్పుడు నాకు వెలిగింది. ఏడాదిగా ఆ మెత్తని గుడ్డ సంచిలో హెడ్‌సెట్ మీద చార్టుల పుస్తకాలన్నీ పడి ఉండేవి. భుజం నొప్పి లేని బ్యాగ్ కొన్నానని మురిశాను. ఆ బ్యాగ్ నా చెవులను నలిపింది. హెడ్‌సెట్‌కు నొప్పి పుట్టించింది ముందు నేనే. అక్క దానికి మందు వేసింది.

బావ ఎడ్లను విప్పుకొచ్చి కట్టేస్తుంటే అక్క పోయి కాడిని చూసింది. కాడి కింద మెడ ఆనే చోట గోనె గుడ్డ చుట్టి ఉంది. బరువు ఎక్కడ పడుతుందో అక్కడే మెత్త. వచ్చి నా నడినెత్తిన వేలు పెట్టింది.

"బరువు గీడ పడ్తుంది. నేను చెవుల కాడ పెట్టిన. తప్పు జాగల పెట్టిన."

అదే దూది, అదే చీర ముక్క. ఈసారి నెత్తి మీది ఇనుప బద్దకు సరిపోయేట్టు పొడుగ్గా, విప్పి ఉతుక్కునే వీలుగా గుండీలతో కుట్టింది. మిగిలిన గుడ్డతో హెడ్‌సెట్ దూరే సంచి ఒకటి కుట్టి, చుట్టూ మందపాటి అట్ట పెట్టింది, మీద పుస్తకం పడినా అణగకుండా. ఈసారి వెంటనే ప్రార్థన చేయలేదు. మళ్లీ గిర్నీకి వెళ్లి, పెట్టుకుని చూసి, మోత రావడం లేదని తేల్చుకుని వచ్చి, అప్పుడు చెయ్యి పెట్టి ప్రార్థించింది.

నవంబరులో రెండో పరీక్ష. వలయాలు కొత్తవి వేయించుకున్నాను, కళ్లద్దాలకు సన్నని కాడలున్న ఫ్రేము మార్చాను. కానీ అవి ముందుముందు పనికొచ్చేవే తప్ప ఆ రోజుకు కాదు. ఆ రోజు చెవి ఎంత కోలుకుందన్నదే లెక్క. గదిలో కూర్చున్నాను. కూతలు సన్నబడుతూ పోయాయి. ఒక దగ్గర చాలాసేపు ఏమీ లేదు. మీట మీద వేలు పెట్టి ఊపిరి బిగబట్టాను. తర్వాత, చాలా దూరంగా, అక్క ఇంటి అరుగు మీద నేను విన్న పిట్ట కూతంత సన్నగా వినబడింది. నొక్కాను.

గీత పూర్తిగా పైకి రాలేదు. గుంట ఉంది. కానీ నిబంధన ఒప్పుకునే హద్దు లోపలికి వచ్చింది. డాక్టరు గారు ఫిట్ అని రాసి, తొడుగులు ఏం చేశారని అడిగారు. ఈసారి మా అక్క పేరు చెప్పాను. కాడి సంగతి, గిర్నీ సంగతి చెప్పాను. ఆవిడ కలం ఆపి విన్నారు. ఆ పక్క గదిలోని కుర్ర డాక్టర్ను పిలిచి, అతనికి గిర్నీ పరీక్ష సంగతి మళ్లీ చెప్పమని నన్నడిగారు.

ఆ మరుసటి డ్యూటీలో శ్రీకాంత్ పక్క సీటులో ఉన్నాడు. అతను సెప్టెంబరులో చెప్పింది నిజమని, నేను విననందుకు క్షమించమని అన్నాను. అతను, "ఇప్పుడు మీ వాల్యూమ్ సగంలోనే ఉంది సర్" అన్నాడు. రాజమండ్రి దారిలో వైరా దాటాక ఎడమవైపు చూశాను.

అరవై అయిదో ఏట రిటైరయ్యేదాకా నెత్తి మీద ఆ మెత్తతోనే పనిచేశాను. అక్క దాన్ని మూడుసార్లు కొత్తగా కుట్టింది. మూడుసార్లూ గిర్నీలో పెట్టుకుని చూశాకే పంపింది. ఎడమ చెవిలో ఆ గుంట ఇప్పటికీ ఉంది. పెరగలేదు.

కనుక హెడ్‌సెట్ గురించి అడిగే పిల్లలకు నేను చెప్పేది ఇది. దుకాణంలో కాదు, ఇంట్లో రెండు గంటలు పెట్టుకుని కూర్చోండి. మీ కళ్లద్దాలతోనే పెట్టుకోండి. అంచు కింద వేలు దూర్చి చూడండి, సులువుగా దూరితే అది మీది కాదు. వాల్యూమ్ మీట ఎక్కడుందో నెలకోసారి రాసి పెట్టుకోండి, అది పెరుగుతుంటే తప్పు టవర్‌ది కాదు. బ్యాగ్ మీ భుజానికి ఎంత హాయిగా ఉందో చూసే ముందు, లోపల హెడ్‌సెట్ మీద ఏం పడుతుందో చూడండి. మీ పరికరానికి ఎవరు ఏ మార్పు చేసినా మోతలో పరీక్షించకుండా పైకి తీసుకెళ్లకండి. అది సరిగ్గా లేదని తెలిసిన రోజునే, చేసినవాళ్లకు చెప్పండి. సరిచేయగలిగింది వాళ్లే.